గడ్డం ఎత్తని పిల్ల

ఆ ఏడు వసంతంలో మేం ఓడెక్కి హాలిఫాక్స్ పెద్దాసుపత్రికి వెళ్ళింది మా తమ్ముడి కొడుకు రెమీ కళ్ళ కోసం. వాడి అక్క జెలీని వెంటబెట్టుకెళ్ళింది ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక.

అప్పటికి తీరం వెంట మంచు ఇంకా పూర్తిగా కదల్లేదు. లాబ్‌స్టర్ సీజను, పెద్ద సముద్రపు రొయ్యలు పట్టే కాలం, మొదలవబోతుంటే మగవాళ్ళకి తల తిప్పుకునే తీరిక ఉండదు. మా తమ్ముడు లియోన్స్ పొద్దస్తమానం రేవులో బోనులకి తాళ్ళు కట్టుకుంటున్నాడు. నడుం పట్టేసి పడవ దిగిన నాన్న కొట్టంలో కూర్చుని బోనులకి వలలు అల్లుతున్నాడు. అందుకని పిల్లలిద్దర్నీ తీసుకుని మా మరదలు కొరీన్, నేనూ బయల్దేరాం.

మా దీవిలో ఆ కొసన సగం మంది ఇంటిపేరు ఒకటే, గాలాంట్. ఎవరు ఏ గాలాంటో తెలియడానికి ఇళ్ళకి మారుపేర్లుంటాయి. మాది కునికేవాళ్ళ ఇల్లు. మా నాన్న ఉల్రిక్‌కీ, లియోన్స్‌కీ, నాకూ పుట్టుకతోనే పైరెప్పలు కిందికి జారి ఉంటాయి. తాతకీ అంతేనట. రెప్ప లేవదు కాబట్టి తల లేవాలి. గడ్డం పైకెత్తి, రెప్పల కింద మిగిలిన సందులోంచి చూస్తాం. అందరం భోజనానికి కూర్చుంటే, వచ్చినవాళ్ళు ఊరుకోరు. "ఏం ఉల్రిక్, పైకప్పు కారుతోందా?" అంటారు. "కారితే ముందు మాకే తెలుస్తుందిలే" అనేవాడు నాన్న. వయసులో ఉన్నప్పుడు నేను డాన్సులకి వెళితే, నా తల చూసి రాణీగారొచ్చారని వెనక నవ్వుకునేవాళ్ళు. రాణీగారిని డాన్సుకి పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మా ఇంట్లో ఒక అలవాటుంది. నీళ్ళలో బోను ఎక్కడుందో తెలియడానికి ఒక్కో పడవవాళ్ళు నీటిమీద తేలేలా ఒక్కో రంగు బోయా కడతారు. మాది ఆకుపచ్చ మీద పసుపు పట్టీ. బిడ్డ నిలకడగా కూర్చోవడం మొదలెట్టగానే నాన్న ఆ బోయాని వాళ్ళ ముందు పట్టుకుని మెల్లిగా పైకెత్తేవాడు. బిడ్డ గడ్డం ఎత్తి దాని వెంట చూస్తే, చూపు బాగున్నట్టు. ఇక ఆ రెప్పల గురించి ఎవరూ బెంగపెట్టుకోరు. నన్నూ లియోన్స్‌నీ తాత అలాగే చూశాడట. రెమీ వెనక్కి పడిపోయేంతగా గడ్డం ఎత్తాడు. వాడికంటే ముందు పుట్టిన జెలీ మాత్రం ఎత్తలేదు. దానికి ఎడమరెప్ప ఒక్కటే జారింది, కానీ నల్లగుడ్డంతా కప్పేసింది. తల నిటారుగా పెట్టుకుని, కుడికన్నుతో బోయాని చూసి నవ్వింది.

"దీన్ని దేవుడు కనికరించాడురా" అన్నాడు నాన్న, లియోన్స్‌తో. "దీనికి మెడనొప్పి లేదు. కునికేవాళ్ళింట్లో మొదటిసారి ఒకళ్ళు నిటారుగా నడుస్తారు."

అలాగే నడిచింది కూడా. ఫోటోల్లో మా అందరి ముక్కు రంధ్రాలూ కనిపిస్తే, జెలీ మొహం కనిపించేది. చూసేవాళ్ళకి అది ఎప్పుడూ ఒక కన్ను కొడుతున్నట్టు ఉండేది. మాకు ముద్దుగా ఉండేది.

రెమీకి ఆపరేషన్ అంటే నాన్నకి ఇష్టం లేదు. "ఈ రెప్పలతోనే పొగమంచులో పడవ నడిపాను. వాడికేం తక్కువ?" అన్నాడు.

"బళ్ళో వాణ్ణి ఏమంటున్నారో మీకు తెలీదు మామయ్యా."

"ఏమంటారు? నిద్రమొహం అంటారు. నన్నూ అన్నారు."

"మీరు పడ్డారని వాడూ పడాలా?" అంది కొరీన్. నాన్న వల అల్లే సూది కిందపెట్టి, మళ్ళీ తీసుకున్నాడు. అంతకంటే వాదించలేదు.

హాలిఫాక్స్‌లో డాక్టరు పొడుగాటి మనిషి, మాట మెత్తన. రెమీని స్టూలు మీద కూర్చోబెట్టి చాలాసేపు చూశాడు. వాడు గడ్డం ఎత్తి ఆయన్ని అంతకంటే ఎక్కువసేపు చూశాడు.

"వీడి గురించి భయం లేదు" అన్నాడు డాక్టరు. "తల ఎత్తుతున్నాడంటే రెండు కళ్ళనీ వాడుకుంటున్నాడు. ఆపరేషన్ చేస్తే మెడ కూడా బాగుపడుతుంది. నిజానికి తొందర లేదు. కానీ మే మొదట్లో ఒక తేదీ ఖాళీ ఉంది."

కొరీన్ నా వైపు చూసి గుండెల్నిండా ఊపిరి పీల్చుకుంది.

జెలీ నేలమీద బోర్లా పడుకుని బొమ్మ గీసుకుంటోంది. డాక్టరు చూపు దానిమీద ఆగింది.

"ఈ పాప?"

"వీడి అక్కండీ."

"తను తల ఎత్తదా?"

"ఎత్తదండీ" అంది కొరీన్. ఆ గొంతులో కాస్త గొప్ప. "దీనికి ఒక్క రెప్పే. దీనికి అవసరం లేదు."

ఆయన కోటు సర్దుకుని దాని పక్కన నేలమీద కూర్చున్నాడు. ఏం బొమ్మ అని అడిగాడు. మా నాన్న పడవ అంది. కాసేపు ఆట ఆడదామా అన్నాడు. దాన్ని లేపి కూర్చోబెట్టి, కుడికన్నుని అరచేత్తో మూసి, రెండో చేతి బొటనవేలితో ఎడమరెప్ప పైకెత్తి పట్టుకున్నాడు. నర్సు దాని పసుపు పెన్సిలు తీసి సరిగ్గా ఆ కంటి ఎదురుగా పట్టుకుంది.

"నీ పెన్సిలు ఎక్కడుంది, చెప్పు."

జెలీ చెయ్యి చాపింది. తను పెన్సిలు వదిలిన చోట, నేలమీద తడిమింది.

నర్సు పెన్సిలు ఇంకా దగ్గరికి తెచ్చింది. జెలీ చెయ్యి నేలమీదే తిరుగుతోంది. "ఇక్కడే పెట్టానే" అంది.

తర్వాత డాక్టరు చాలా చెప్పాడు. కన్ను పుట్టగానే చూడలేదని, మొదటి కొన్నేళ్ళలో చూడ్డం నేర్చుకుంటుందని. రెండు రెప్పలూ జారిన పిల్లలు తిప్పలుపడి తల ఎత్తుతారు, అదే వాళ్ళ కళ్ళని కాపాడుతుందని. ఒక్కటే జారిన పిల్లలకి ఆ తిప్పలు ఉండవని. "మంచి కన్ను పనంతా చేసిపెట్టింది. రెండోది నేర్చుకోలేదు."

"ఇప్పుడు నేర్చుకుంటుందా?" అని నేనడిగాను.

"రెప్ప ఎత్తడం నా చేతిలో ఉంది. అది బాగానే చేస్తాను. ఆ తర్వాత మంచి కన్నుకి పట్టీ వేసి, ఈ కన్నుతోనే చూసేలా చెయ్యాలి. ఆరేళ్ళు నిండాయి అంటున్నారు. ఆలస్యమైంది. అయినా ప్రయత్నిద్దాం." ఆగి, "బాబు తేదీ పాపకిస్తాను. బాబు ఆగగలడు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఓడ మీద కొరీన్ కమ్మీ పట్టుకుని నిలబడింది. "అవసరం లేదన్నాను వదినా. ఆయన అడిగితే, గొప్పగా అన్నాను."

నాన్నకి కొట్టంలోనే చెప్పాం. కొరీన్ చెప్పడం అయ్యేదాకా వింటూ వల చిక్కు తీస్తూనే ఉన్నాడు.

"మరి నవ్వింది కదే" అన్నాడు, నాతో. "బోయాని చూసి నవ్వింది. నేను చూశాను."

"కుడికన్నుతో, నాన్నా."

బోయా గోడకే వేలాడుతోంది. దాని వైపు ఆయన తల తిప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. దాని తొడలోంచే సన్నటి నరంలాంటి పీలిక తీసి, రెప్పని చర్మం లోపల్నుంచి కనుబొమకి కట్టారు. ఇక కనుబొమ ఎత్తితే రెప్ప లేస్తుంది. "తెరచాపకి తాడు కట్టినట్టన్నమాట" అన్నాడు నాన్న, అర్థమైనందుకు కాస్త తేలికపడి. వాపు తగ్గాక మొదటిసారి ఆ కన్ను పూర్తిగా చూశాం. పోయిన మా అమ్మ కళ్ళ రంగు. బూడిదరంగులో కొద్దిగా పచ్చ. అంతకాలం ఆ రెప్ప కింద అది ఉందని మాకెవరికీ తెలీదు. కొరీన్ దాన్ని అద్దం దగ్గరికి ఎత్తుకెళ్ళింది.

"రెండున్నాయి" అంది జెలీ, అద్దంలో చూసుకుని.

"ఉన్నాయి తల్లీ."

ఒకటే ఇబ్బంది. కట్టిన రెప్ప నిద్రలో పూర్తిగా దిగదు. కన్ను ఎండిపోకుండా పడుకోబెట్టేటప్పుడు నేను మందు రాసేదాన్ని. అది నిద్రపోయాక కూడా ఆ సందులోంచి కన్ను మెరుస్తూ ఉండేది.

సీజను మొదటిరోజు తెల్లవారుజామున ఊరంతా రేవులో ఉంది. బోనులు ఇంటి కప్పంత ఎత్తున పేర్చుకుని పడవలు వరసగా బయటికి వెళ్ళాయి. ఇంటికి రాగానే కొరీన్ జెలీ కుడికంటికి మొదటి పట్టీ అంటించింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. జెలీ గుమ్మాలకి గుద్దుకునేది. పాలగ్లాసు కోసం చెయ్యి చాపి దాన్ని పడేసేది. బొమ్మలు మానేసింది. రెమీ చొక్కా అంచు పట్టుకుని నడిచేది. వాడు గడ్డం ఎత్తుకుని, ఓడకి దారి చూపించేవాడిలా ముందు నడిచేవాడు. "అత్తా, ఇల్లంతా పొగ పట్టింది" అనేది నాతో. పొద్దున్నే కొరీన్ చేతిలో పట్టీ చూడగానే బతిమాలేది.

"రేపు పెట్టుకుంటానమ్మా. రేపు ఒట్టు."

"ఇవాళ."

"ఒక్క ఇవాళ్టికి వదిలెయ్యవే" అన్నాడు లియోన్స్ ఒకసారి, బూట్లు తొడుక్కుంటూ.

"నువ్వు రోజంతా నీళ్ళమీద ఉంటావు, నీకేం" అంది కొరీన్. "ఏడవనీ. ఇప్పుడు ఏడిస్తే రేపు ఏడవదు."

అప్పుడు నాన్న ఆ పని తన మీద వేసుకున్నాడు. పడవలు తిరిగొచ్చే వేళకి జెలీ చెయ్యి పట్టుకుని రేవు చివరికి తీసుకెళ్ళేవాడు. ఇద్దరూ తిరగేసిన ఎర పీపాల మీద కూర్చునేవాళ్ళు. "ఎవరొస్తున్నారో చెప్పు. దూరంగా చూడు. కనుబొమ ఎత్తి చూడు" అనేవాడు.

మొదట్లో అది ఏమీ చెప్పలేదు. జూన్ వచ్చేసరికి చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నాన్న ఇంట్లోకి వస్తూనే టోపీ తియ్యడం మర్చిపోయి చెప్పాడు.

"ఎలోయ్ పడవ చెప్పింది. ఫాదర్ గారి తమ్ముడి పడవ చెప్పింది. చివర్న లియోన్స్‌ది. రేవు అడ్డుగోడ దాటి లోపలికి రాకముందే చెప్పింది."

కొరీన్ పొయ్యి దగ్గర్నించి కదల్లేదు. "నిజంగా, మామయ్యా?"

"నేనెందుకు అబద్ధం చెబుతాను? నువ్వే అడుగు."

"ఎలా చెప్పావే?" అంది కొరీన్ వంగి.

"తెలిసింది" అంది జెలీ, సిగ్గుపడుతూ.

ఇక రోజూ అదే కబురు. ఇవాళ వచ్చినవన్నీ చెప్పింది. ఇవాళ ఒక్కటీ తప్పలేదు. కొరీన్ వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పింది. చాలా రోజుల తర్వాత బెల్లప్పాకం బిస్కెట్లు చేసింది. నాన్న రేవులో కనిపించినవాడికల్లా చెప్పేవాడు. పొద్దున పట్టీ పెట్టుకోవడానికి జెలీ ఏడవడం కూడా మానేసింది. తాత మెచ్చుకుంటుంటే ఏ పిల్ల ఏడుస్తుంది?

నేను పనిచేసే ఫ్యాక్టరీ రేవు పక్కనే. ఉడికించిన లాబ్‌స్టర్ల డెక్కలు పగలగొట్టి మాంసం తీసే చోట కిటికీలుండవు. ఆవిరిలో, రబ్బరు ఆప్రాన్లతో, తల వంచుకుని పని. అయినా ఏ పడవ వచ్చిందో మాకెప్పుడూ తెలుసు. "ఇమెల్డా, మీ తమ్ముడొస్తున్నాడు" అనేది నా పక్కన నిలబడే ఆల్వీనా. "ఆ ఇంజను దగ్గు ఇంకా తగ్గలేదే. సిరప్ పట్టమను." అందరం నవ్వేవాళ్ళం. ఎవరూ తల ఎత్తేవాళ్ళు కాదు.

సీజను ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం బాయిలరు చెడిపోయి మమ్మల్ని తొందరగా వదిలేశారు. నేను ఆప్రాను కూడా విప్పకుండా రేవు చివరికి నడిచాను. నాన్న, జెలీ పీపాల మీద ఉన్నారు. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"అత్తొచ్చింది" అంది జెలీ, వెనక్కి తిరగకుండానే. నా బూట్లు అడుగడుక్కీ కీచుమంటాయి.

దూరంగా ఒక పడవ అడ్డుగోడ దాటి వస్తోంది. నేను గడ్డం ఎత్తి చూశాను. ఎలోయ్ పడవ. దాని వెనక తాడు, తాడు చివర ఇంకో పడవ. లియోన్స్‌ది. చివరికి ఇంజను ఆగిపోయినట్టుంది. ఎలోయ్ లాక్కొస్తున్నాడు.

"ఎవరు చెప్పు" అన్నాడు నాన్న.

"ఎలోయ్ బాబాయి."

"ఊఁ. ఇంకా?"

జెలీ తల కాస్త పక్కకి వంచింది. ఎప్పుడూ అలాగే వంచేదేమో, నేనెప్పుడూ గమనించలేదు. చెవి నీళ్ళ వైపు తిరిగింది.

"ఇంకెవరూ లేరు తాతా."

పడవలు దగ్గరికొచ్చాయి. లియోన్స్ ముందుకొచ్చి నిలబడ్డాడు. నారింజరంగు రబ్బరు దుస్తులు, ఎండలో మండుతున్నట్టున్నాయి. మమ్మల్ని చూసి టోపీ తీసి ఊపాడు. జెలీ వైపే ఊపాడు. కనుబొమ ఎత్తి, ఆ బూడిదరంగు కన్ను విప్పార్చుకుని జెలీ అటే చూస్తోంది.

"నాన్న ఇవాళ లేటు చేశాడేం?" అంది.

లియోన్స్ టోపీ ఊపుతూనే ఉన్నాడు. ఎలోయ్ ఇంజను ఒక్కటే చప్పుడు చేస్తోంది.

నేను మా నాన్న వైపు చూశాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన గడ్డం దించగా నేను చూడలేదు. భోజనాల దగ్గర, చర్చిలో మోకరించినప్పుడు, అమ్మని పూడ్చిన రోజున కూడా ఎత్తే ఉంది. ఇప్పుడు మెల్లిగా దిగి ఛాతీకి ఆనింది. గడ్డం దించితే మా కళ్ళు మూసుకుపోయినట్టే. ఆయన అలా ఏమీ చూడకుండా కాసేపు కూర్చున్నాడు. తర్వాత చేత్తో తడుముకుంటూ జెలీ చెంప పట్టుకుని, పట్టీ అంచు గోటితో లేపి, నొప్పి పుట్టకుండా నెమ్మదిగా లాగేశాడు.

"అదిగో నాన్న" అన్నాడు.

జెలీ కళ్ళు చికిలించింది. "నాన్నా" అని పిలిచి, పీపా దిగి చెయ్యూపింది. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగి, "ఇంజను వినబడలేదు" అంది, తప్పు చేసినట్టు.

"నీ తప్పేం లేదు" అన్నాడు నాన్న. పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర కొరీన్ కోడిమాంసం, బంగాళదుంపల పులుసు వడ్డిస్తూ రోజూలాగే అడిగింది. "ఇవాళ ఏమేం చెప్పింది మామయ్యా?"

"ఎలోయ్ పడవ చెప్పింది."

"ఇంకా?"

"లియోన్స్ ఇంజను చెడి ఎలోయ్ లాక్కొచ్చాడు. అది చెప్పలేదు."

"వెనకుంది కదా మరి. కనపడి ఉండదు."

"చెయ్యి ఊపాడు" అన్నాడు నాన్న. "ఇక్కణ్ణుంచి మన కొట్టం అంత దూరంలో."

కొరీన్ లియోన్స్ వైపు చూసింది. వాడు రొట్టె కోస్తున్నాడు. కోసిన ముక్కనే మళ్ళీ కోస్తున్నాడు.

"ఇంజను చెడితే..." అంది కొరీన్, ఆగిపోయింది. తనూ రేవు పిల్లే. వాళ్ళ తీరంలోనూ పిల్లలు పక్కలో పడుకునే, ఇంజను చప్పుడు విని ఎవరి నాన్న వచ్చాడో చెబుతారు. గరిటె గిన్నె మీదే ఉండిపోయింది. పులుసు కారి గుడ్డమీద పడింది.

"నాకు కాలు ముక్క" అన్నాడు రెమీ.

కొరీన్ వాడికి వడ్డించింది. తర్వాత జెలీకి వడ్డించింది.

సెప్టెంబరులో డాక్టరు చెప్పినదాంట్లో మాకు కొత్త సంగతేం లేదు. వెలుతురు తెలుస్తుంది. పెద్ద ఆకారం కదిలితే తెలుస్తుంది. అంతే. అదే రోజు రెమీకి తేదీ ఇచ్చాడు. వాడి రెప్పలు లేచాయి, మెడ నిటారుగా అయింది. వాడిప్పుడు పడవ నడుపుతున్నాడు. నేను మాత్రం ఆ వేసవి తల్చుకుంటే, ఆసుపత్రి గుర్తురాదు. లియోన్స్ ఇంజను చెడిన మర్నాడు పొద్దున్న గుర్తొస్తుంది.

టీ అయింది. లియోన్స్ ఇంజను విప్పడానికి వెళ్ళిపోయాడు. నాన్న గదిలోంచి రాలేదు. కొరీన్ అలవాటుగా పట్టీల డబ్బా తీసింది. ఒకటి తీసి, వెనక కాగితం ఊడదీసి, అలాగే నిలబడింది. పెట్టాలా వద్దా అని నన్నడగలేదు. డాక్టరు ఆపమనలేదు కదా.

జెలీ తనే కుర్చీ లాక్కుని ఎక్కి మొహం అందించింది. కళ్ళు మూసుకుంది. కుడికన్ను మూతపడింది. ఎడమది సగందాకా వచ్చి ఆగింది. ఆ సందులోంచి మా అమ్మ కన్ను కొరీన్ వైపే చూస్తున్నట్టుంది.

"పెట్టమ్మా" అంది జెలీ. "ఇవాళ బాగా చూస్తాను."

కొరీన్ పెట్టింది. అంచుల చుట్టూ వేలితో నొక్కింది. నొక్కడం అయిపోయినా వేలు తియ్యలేదు.

జెలీ కిటికీ వైపు తిరిగింది. కనుబొమ ఎత్తింది. అది చాలలేదనుకుందేమో, ఒక క్షణం ఆలోచించి, పుట్టాక మొదటిసారి, మా అందరిలాగే గడ్డం పైకెత్తింది.

"అత్తా" అంది, "ఇంతేనా, ఇంకా ఎత్తాలా?"